‘కేర్’ కొలువు.. ఖర్చు ఎవరి నెత్తిన?

* బ్రిటన్‌లో కేర్ వర్కర్ల కొత్త వీసాలకు 2025 జూలై 22 నుంచే తలుపులు మూత
* ఆ పేరుతో ఇంకా డబ్బు అడిగితే మోసమేనని గుర్తించాలి
* రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము రూ.30 వేలు, దానిపై జీఎస్టీ మాత్రమే
* మండల స్థాయిలో సమాచార కేంద్రం లేక అభ్యర్థుల అవస్థలు

చెల్పూర్ (జయశంకర్ భూపాలపల్లి జిల్లా): జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెలకు ‘దుబాయి’ దశాబ్దాలుగా అలవాటైన మాట. భూపాలపల్లి ప్రాంతంలో బతుకుదెరువు అంటే సింగరేణి బావి, చెల్పూర్‌లోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం, అవి కాదంటే పత్తి, మిర్చి చేలు. ఇప్పుడు చదువుకున్న యువతీ యువకుల ముందుకు మరో దారి వచ్చి నిలిచింది. విదేశాల్లో వృద్ధులకు, మంచానపడిన రోగులకు సేవ చేసే ‘కేర్‌గివర్’ ఉద్యోగమది. జీఎన్‌ఎం, ఏఎన్‌ఎం చదివిన వారితోపాటు మామూలు డిగ్రీ చేతపట్టుకుని కూర్చున్న వారికీ ఈ ఉద్యోగాల ప్రకటనలు సెల్‌ఫోన్లలోనే చేరుతున్నాయి. జీతం లక్షల్లో ఉంటుందని, కుటుంబాన్నీ తీసుకుపోవచ్చని ఊరించే ఆ ప్రకటనలు ఒక్క విషయాన్ని మాత్రం చెప్పవు. ప్రయాణానికి, వీసాకు, ఏజెంటుకు అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్నదే ఆ విషయం. ఈ కొలువుల్లో మంచిచెడులను తేల్చేది ప్రధానంగా ఈ ప్రశ్నే.

ఎందుకింత గిరాకీ?

సంపన్న దేశాల్లో వృద్ధుల సంఖ్య పెరిగిపోతోంది. జపాన్‌లో 65 ఏళ్లు దాటినవారు జనాభాలో దాదాపు 29 శాతం ఉన్నారు. జర్మనీ, బ్రిటన్, ఇజ్రాయెల్‌లలోనూ వృద్ధులను కనిపెట్టుకుని ఉండేందుకు మనుషులు చాలడం లేదు. స్నానం చేయించడం, దుస్తులు మార్చడం, వేళకు మందులివ్వడం, రాత్రిళ్లు లేచి చూసుకోవడం వంటి పనులకు స్థానికులు తక్కువ జీతానికి ముందుకు రావడం లేదు. దాంతో ఆ దేశాలు బయటి నుంచి మనుషులను పిలుస్తున్నాయి.

మన దేశం వాటితో వరుసగా ఒప్పందాలు చేసుకుంది. 2021 జనవరిలో జపాన్‌తో కుదిరిన ‘నిర్దిష్ట నైపుణ్య కార్మికుల’ ఒప్పందం 14 రంగాలకు వర్తిస్తుంది. వృద్ధుల సంరక్షణ వాటిలో ఒకటి. జర్మనీతో వలస భాగస్వామ్య ఒప్పందం 2022 డిసెంబరులో జరిగింది. ఇజ్రాయెల్‌తో 2023 మే నెలలో కుదిరిన అవగాహన ప్రకారం 42,000 మంది భారతీయ కార్మికులకు అవకాశం కల్పించాల్సి ఉంది. అందులో 34,000 మంది నిర్మాణ రంగానికి, 8,000 మంది నర్సింగ్, సంరక్షణ పనులకు కేటాయించారు. అంటే గిరాకీ నిజమే, ఉద్యోగాలూ నిజమే. అవసరమున్న యజమానికి, అవసరమున్న కార్మికుడికి మధ్య నిలబడుతున్న దళారీతోనే చిక్కంతా వస్తోంది.

బ్రిటన్‌లో జరిగిందేమిటి?

ఈ వ్యవహారం ఎంత దూరం పోగలదో తెలుసుకోవడానికి బ్రిటన్ అనుభవమే పెద్ద పాఠం. కరోనా తర్వాత సిబ్బంది కొరత తీవ్రం కావడంతో 2022 ఫిబ్రవరిలో ఆ దేశం కేర్ వర్కర్లకు ‘హెల్త్ అండ్ కేర్’ వీసా తలుపులు తెరిచింది. పెద్ద చదువు అక్కర్లేదు. ఇంగ్లిషు వస్తే చాలు. అక్కడి లైసెన్సు పొందిన సంస్థ ఒక స్పాన్సర్‌షిప్ ధ్రువపత్రం ఇస్తే వీసా వస్తుంది. భారత్, నైజీరియా, జింబాబ్వేల నుంచి అభ్యర్థులు బారులు తీరారు. 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదిలో దాదాపు లక్ష మంది కేర్ వర్కర్లు, వారి వెంట సుమారు 1,20,000 మంది కుటుంబ సభ్యులు వచ్చారని బ్రిటన్ ప్రభుత్వమే ప్రకటించింది.

ఆ రద్దీలోనే దళారులు చొరబడ్డారు. యజమాని ఇవ్వాల్సిన ధ్రువపత్రం అంగడి సరుకైంది. దాన్ని అభ్యర్థికి అమ్మడం అక్కడి నిబంధనలకు విరుద్ధం. అయినా లక్షల రూపాయలకు బేరాలు సాగాయి. కొన్ని సంస్థలు తమ వద్ద ఉన్న పనికి మించి మనుషులను రప్పించాయి. తీరా విమానం దిగాక వారానికి నాలుగు గంటల పని కూడా చూపని ఉదంతాలు వెలుగులోకి వచ్చాయి. కొందరికి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి వెళ్లే సమయానికి జీతం కట్టలేదు. కారు నడపడం రానివారికి ఇళ్లకు వెళ్లి చేసే పనే దొరకలేదు. ఆధునిక వెట్టిచాకిరిపై బ్రిటన్‌లో సహాయవాణి నడుపుతున్న ‘అన్‌సీన్’ సంస్థ లెక్కల ప్రకారం, సంరక్షణ రంగంలో దోపిడీకి గురై ఉంటారని భావించిన వారి సంఖ్య 2021లో 63. 2022లో అది 708కి చేరింది. ఉత్తర వేల్స్‌లోని వృద్ధుల ఆశ్రమాల్లో 50 మందికి పైగా భారతీయ విద్యార్థులు శ్రమ దోపిడీకి గురై ఉండవచ్చని అక్కడి కార్మిక దోపిడీ నిరోధక సంస్థ 2023 ఫిబ్రవరిలో వెల్లడించింది. ఆ కేసులో కోర్టు ఆంక్షలు విధించిన వారి మూలాలు కూడా మన దేశంలోనే ఉన్నాయి. అంటే దోచుకున్నవారూ పరాయివారు కారు.

తర్వాత బ్రిటన్ ప్రభుత్వం కఠినంగా వ్యవహరించింది. 2022 జూలై నుంచి 2024 డిసెంబరు వరకు సంరక్షణ రంగంలో 470కి పైగా సంస్థల స్పాన్సర్ లైసెన్సులను రద్దు చేసింది. ఆ సంస్థలతో ముడిపడి వచ్చినవారు 39,000 మందికి పైగా ఉన్నారు. లైసెన్సు రద్దు చేయడం న్యాయమే. కానీ దాని దెబ్బ తప్పు చేసిన యజమానితో ఆగలేదు. మోసపోయిన కార్మికుడిపైనా పడింది. స్పాన్సర్ పోతే సాధారణంగా 60 రోజుల్లో మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. లేకుంటే దేశం విడిచిపోవాలి. ఇలా రోడ్డున పడినవారికి కొత్త యజమానిని చూపేందుకు, నైతిక నియామకాలను ప్రోత్సహించేందుకు ఇంగ్లండ్‌లో ప్రాంతీయ భాగస్వామ్య బృందాలకు నిధులిచ్చారు. 2024-25లో ఇందుకు కేటాయించింది 1.6 కోట్ల పౌండ్లు. 2025 ఏప్రిల్ 9 నుంచి మరో నిబంధన వచ్చింది. కొత్తవారిని తీసుకునే ముందు ఇప్పటికే అక్కడుండి ఉపాధి కోల్పోయినవారికి అవకాశమివ్వాలని యజమానులకు షరతు పెట్టారు. అయినా కొత్త స్పాన్సర్ దొరికినవారు కొద్దిమందే.

చివరకు తలుపే మూసేశారు. 2024 మార్చి 11 నుంచి కుటుంబ సభ్యులను తీసుకురావడం నిలిచిపోయింది. 2025 జూలై 22 నుంచి విదేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా రప్పించడమే ఆగిపోయింది. ఇప్పటికే అక్కడున్నవారు నిబంధనలకు లోబడి వీసా పొడిగించుకునే వెసులుబాటును 2028 జూలై వరకు ఉంచారు. రిజిస్టర్డ్ నర్సుల దారి వేరు, అది మూతపడలేదు. కాబట్టి ‘బ్రిటన్‌లో కేర్ అసిస్టెంట్ వీసా సిద్ధంగా ఉంది, అడ్వాన్సు కట్టండి’ అని ఈనాడు ఎవరైనా చెబితే అందులో నిజం ఉండే అవకాశమే లేదు.

కట్టిపడేసేది అప్పే

పని బాగాలేకపోతే మానేసి రావచ్చు కదా అన్నది ఊళ్లో ఉన్నవారికి తేలికగా తోచే మాట. జవాబు అప్పు లెక్కలో ఉంది. ఉదాహరణకు ఒక కుటుంబం ఏజెంటు కోసం రూ.10 లక్షలు అప్పు తెచ్చిందనుకుందాం. పల్లెల్లో మామూలైన రెండు రూపాయల వడ్డీ చొప్పున నెలకు రూ.20 వేలు, ఏడాదికి రూ.2.40 లక్షలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి కేర్ వర్కర్‌కు కనీస వార్షిక వేతనం 23,200 పౌండ్లుగా నిర్ణయించారు. నాటి మారకం విలువ ప్రకారం పన్నులు పోకముందు నెలకు సుమారు రెండు లక్షల రూపాయలు. పూర్తి పని దొరికితే ఆ కుటుంబం రెండు మూడేళ్లలో ఒడ్డున పడుతుంది. సగం గంటలే పని ఇస్తే చేతికొచ్చేది లక్ష. అందులో గది అద్దె, తిండి, బస్సు ఖర్చులు పోగా వడ్డీకి పంపడమే గగనమవుతుంది.

అప్పుడు ఆ మనిషి ఏం చేయాలి? ఫిర్యాదు చేస్తే యజమాని లైసెన్సు పోతుంది, దాంతోపాటే తన వీసా ప్రమాదంలో పడుతుంది. తిరిగి వస్తే ప్రామిసరీ నోటు ఎదురుచూస్తుంటుంది. కుదువపెట్టిన పుస్తెలతాడో, ఎకరం పొలమో పోతుంది. అందుకే నోరు మూసుకుని భరిస్తారు. పాస్‌పోర్టు లాక్కోకపోయినా, గదికి తాళం వేయకపోయినా అప్పే గొలుసుగా మారుతోంది. ప్రయాణ ఖర్చును యజమానే భరించి ఉంటే అదే కార్మికుడు నెల తిరగకముందే ‘ఈ పని నాకొద్దు’ అనగలిగేవాడు. నైతిక నియామకమంటే అసలు అర్థం ఇదే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఈ విషయాన్ని ఏనాడో తేల్చి చెప్పింది. నియామక రుసుమును కార్మికుల నుంచి వసూలు చేయరాదన్నది 1997లో ఆమోదించిన 181వ ఒడంబడిక సారాంశం. 2016లో రూపొందించిన న్యాయమైన నియామక సూత్రాలూ అదే చెబుతున్నాయి. భారత్ ఆ ఒడంబడికను ఇంతవరకు ఆమోదించలేదు.

చట్టం ఉంది.. కోరలే లేవు

మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే వ్యాపారం 1983 నాటి వలసల చట్టం కిందికి వస్తుంది. ఆ చట్టంలోని పదో సెక్షన్ ప్రకారం కేంద్ర విదేశాంగ శాఖ పరిధిలోని అధికారుల నుంచి రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం లేకుండా ఎవరూ రిక్రూటింగ్ ఏజెంటుగా పనిచేయరాదు. రిజిస్టరైన ఏజెంటు కూడా అభ్యర్థి నుంచి సేవా రుసుము కింద రూ.30 వేలకు మించి తీసుకోరాదు. 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.35,400. దానికి రసీదు ఇవ్వాలి. లక్షల్లో అడిగే వ్యక్తి ఈ ఒక్క లెక్కతోనే పట్టుబడతాడు.

అయితే చిక్కులు రెండున్నాయి. మొదటిది శిక్ష. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ వ్యాపారం చేస్తే 24వ సెక్షన్ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, రూ.2 వేల వరకు జరిమానా. నాలుగు దశాబ్దాల కిందట రాసుకున్న ఆ జరిమానా నేటి దళారీకి ఒక పూట టీ, టిఫిన్ల ఖర్చు. రెండోది పర్యవేక్షణలోని ఖాళీ. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై వలస అనుమతి అవసరమని ముద్ర ఉంటుంది. వారు గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం అనుమతి తప్పనిసరి. అక్కడ ఉద్యోగ ఒప్పందాన్ని పరిశీలిస్తారు. మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే రూ.10 లక్షలు చెల్లించే ప్రవాసీ భారతీయ బీమా యోజన కూడా వర్తిస్తుంది. బ్రిటన్, జర్మనీ, జపాన్, ఇజ్రాయెల్‌లు ఆ జాబితాలో లేవు. డిగ్రీ చదివి ఆ దేశాలకు వెళ్లేవారి ఒప్పందాన్ని విమానం ఎక్కేముందు చూసే అధికారి ఎవరూ లేరు. చదువుకున్నవారికి రక్షణ అక్కర్లేదన్నది పాతకాలపు అంచనా. కేర్ వీసాల వ్యవహారం ఆ అంచనా తప్పని నిరూపించింది.

ఈ చట్టం స్థానంలో కొత్తది తెచ్చేందుకు ‘విదేశీ రాకపోకల బిల్లు’ ముసాయిదాను కేంద్రం 2025 అక్టోబరులో ప్రజాభిప్రాయం కోసం విడుదల చేసింది. కొత్త చట్టం ఏ రూపంలో వచ్చినా చదువుతో, దేశంతో నిమిత్తం లేకుండా ఒప్పంద పరిశీలన అందరికీ వర్తించేలా ఉంటేనే ప్రయోజనం.

గల్ఫ్ ఇళ్లలో నేర్చుకున్న పాఠం

తెలుగు మహిళలు పరాయి దేశంలో పరాయి వారికి సేవ చేయడం కొత్త కాదు. కడప, ఉభయ గోదావరి జిల్లాల నుంచి వేలాది మంది దశాబ్దాలుగా కువైట్, ఒమన్ వంటి దేశాల ఇళ్లలో పనిచేస్తున్నారు. వంట, పిల్లల పెంపకంతోపాటు వృద్ధుల సేవ వారి చేతుల మీదుగానే జరుగుతోంది. విజిట్ వీసాపై పంపి చేతులు దులుపుకున్న ఏజెంట్ల వల్ల అనేకులు అగచాట్లు పడ్డారు. ఆ అనుభవాల మీదటే నిబంధనలు గట్టిపడ్డాయి. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు కలిగి 30 ఏళ్లు నిండని మహిళలను ఇంటి పనికి పంపరాదన్నది వాటిలో ఒకటి. నర్సులను ఆ 18 దేశాలకు ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని 2015లో కేంద్రం ఆదేశించింది. కువైట్ కూడా 2015లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం చేసింది. 2021లో ఆ దేశంతో మనకు ఇంటి పనివారిపై ఒప్పందం కుదిరింది. అన్యాయాలన్నీ అంతటితో ఆగలేదు. అయితే ప్రభుత్వం మధ్యలోకి వచ్చినచోట దళారీ పట్టు సడలింది.

సర్కారు దారి ఉన్నా.. తెలిసిందెందరికి?

రాష్ట్రంలో ఈ పనికి ప్రభుత్వ సంస్థ ఒకటుంది. కార్మిక, ఉపాధి శాఖ పరిధిలోని తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ (టామ్‌కామ్) రిజిస్టరైన రిక్రూటింగ్ సంస్థ. జర్మనీ, జపాన్‌లలో నర్సులు, సంరక్షకుల ఉద్యోగాలకు, ఇజ్రాయెల్‌లో ఇంటి వద్ద ఉండి చేసే కేర్‌గివర్ ఉద్యోగాలకు అది ప్రకటనలు ఇచ్చింది. ఈ దారి దగ్గరిది కాదు. జపాన్‌కు వెళ్లాలంటే ఆ దేశ భాషలో ఎన్4 స్థాయి, సంరక్షణ నైపుణ్య పరీక్ష ఉత్తీర్ణత కావాలి. జర్మనీలో నర్సుగా చేరాలంటే జర్మన్ భాషలో బీ1, బీ2 స్థాయులు దాటాలి. అందుకు నెలల తరబడి చదవాలి. ‘పరీక్ష అక్కర్లేదు, నెలలో పంపిస్తాం’ అనే దళారీ మాట తీయగా తోచేది అందుకే. కానీ ఆ భాషే అక్కడ రక్షణ. జీతం చీటీ చదవగలిగినవారిని, ఫిర్యాదు రాయగలిగినవారిని మోసగించడం కష్టం.

కేరళ ఈ విషయంలో చాలా ముందుంది. విదేశీ నియామకాలకు అక్కడ ఒడెపెక్ సంస్థ 1977 నుంచే ఉంది. ప్రవాసుల శాఖ 1996లో, నోర్కా రూట్స్ 2002లో వచ్చాయి. జర్మనీతో కలిసి నడిపే ‘ట్రిపుల్ విన్’ పథకంలో భాషా శిక్షణ, నియామక ఖర్చులను అభ్యర్థి భరించాల్సిన పని లేదు. తెలంగాణ సైతం ప్రవాసుల వైపు కొన్ని అడుగులు వేసింది. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ప్రారంభమైంది. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు రూ.5 లక్షల పరిహారం ప్రకటించారు. అయితే ఈ సాయం గల్ఫ్‌ను దృష్టిలో పెట్టుకుని రూపొందించినది. యుద్ధ భయం నీడలో పనిచేసే ఇజ్రాయెల్‌లోని సంరక్షకుల వంటి కొత్త వలసజీవులకూ దాన్ని విస్తరించాల్సిన అవసరం కనిపిస్తోంది.

పైగా ఈ వ్యవస్థ అంతా హైదరాబాద్‌లోనే ఉంది. ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం, టామ్‌కామ్, ప్రజాభవన్ అన్నీ అక్కడే. చెల్పూర్ నుంచి రాజధానికి దాదాపు 200 కిలోమీటర్లు. ఒక ధ్రువపత్రం అసలుదో నకిలీదో తెలుసుకోవడానికి రోజు కూలీ వదులుకుని అంత దూరం పోయేవారు అరుదు. దళారీ మాత్రం ఫోన్‌లోనే దొరుకుతాడు, అవసరమైతే ఇంటికే వస్తాడు.

మన ముసలివాళ్లకు దిక్కెవరు?

నైతిక నియామకానికి మరో పార్శ్వమూ ఉంది. ఒక దేశం తన కొరత తీర్చుకోవడానికి మరో దేశపు ఆస్పత్రులను ఖాళీ చేయరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మేలో ఆమోదించిన నియమావళి సారం. తీవ్ర కొరత ఉన్న 55 దేశాల జాబితాను ఆ సంస్థ 2023లో ప్రకటించింది. అందులో భారత్ లేదు. కానీ మన గడ్డకు దీనితో ఒక పాత సంబంధముంది. 2000ల దశకంలో బ్రిటన్ ఆరోగ్య సేవల సంస్థ అనుసరించిన నియమావళిలో, బ్రిటన్ సాయం పొందుతున్న నాలుగు భారతీయ రాష్ట్రాల నుంచి నర్సులను తీసుకోరాదని ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. ఇక్కడి ఆస్పత్రుల అవసరం ముందు అన్న ఎరుక నాడు ఉంది.

ఆ ఎరుక నేడూ అవసరమే. 2022 నవంబరులో మహబూబాబాద్‌లో, 2023 సెప్టెంబరులో భూపాలపల్లి, జనగామల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వాటి అనుబంధ ఆస్పత్రులకు అనుభవమున్న నర్సులు కావాలి. పిల్లలు దూరమైన ఇళ్లలో మంచానపడిన తల్లిదండ్రులను చూసేవారు కావాలి. అలాగని వెళ్లేవారిని ఆపడం న్యాయం కాదు. స్థానికంగా అరకొర జీతం, ఏటా పొడిగింపు కోసం ఎదురుచూసే ఔట్‌సోర్సింగ్ కొలువు మాత్రమే ఉన్నప్పుడు రెక్కలొచ్చిన పక్షి ఎగరకుండా ఉండదు. ఇక్కడి పనికి గౌరవమైన జీతం ఇవ్వడం, వెళ్లేవారికి అప్పులేని దారి చూపడం రెండూ జరగాల్సినవే.

అడ్వాన్సు ఇచ్చేముందు..

* ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లోని రిజిస్టరైన ఏజెంట్ల జాబితాలో ఉందో లేదో చూడాలి. విద్యార్థి వీసాలు చూసే కన్సల్టెన్సీ బోర్డు రిక్రూటింగ్ లైసెన్సు కాదు.
* రూ.30 వేలు, జీఎస్టీకి మించి సేవా రుసుము అడిగితే వెనుదిరగాలి. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. నగదుగా ఇస్తే రేపు సాక్ష్యం ఉండదు.
* ఒప్పంద పత్రంలో యజమాని పేరు, పని ప్రదేశం, వారానికి ఎన్ని గంటల పని, గంటకు ఎంత జీతం, సెలవు, వసతి కోత ఎంత అన్నవి స్పష్టంగా ఉండాలి. ‘అక్కడికి వెళ్లాక చూసుకుందాం’ అంటే నమ్మరాదు.
* విజిట్ వీసాపై ఉద్యోగానికి వెళ్లరాదు.
* ఆ దేశంలో ఎంతకాలం ఉండనిస్తారో ముందే తెలుసుకోవాలి. ఇజ్రాయెల్‌లో సంరక్షకులకు సాధారణంగా 63 నెలలే గడువు. బ్రిటన్‌లో శాశ్వత నివాసానికి ఐదేళ్లు చాలన్న మాట మారే సూచనలున్నాయి. కేర్ వర్కర్ల స్థాయి ఉద్యోగులకు దాన్ని 15 ఏళ్లకు పెంచాలన్న ప్రతిపాదనను 2025 నవంబరులో అక్కడి ప్రభుత్వం ముందుకు తెచ్చింది.
* పాస్‌పోర్టు, వీసా, ఒప్పందాల నకళ్లు ఇంట్లో ఉంచాలి. ఇబ్బంది ఎదురైతే విదేశాంగ శాఖ ‘మదద్’ వెబ్‌సైట్‌లో కుటుంబ సభ్యులూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

చేయాల్సింది చాలానే..

జిల్లా ఉపాధి కల్పన కార్యాలయంలో వారానికి ఒక రోజైనా విదేశీ నియామకాల పత్రాలు పరిశీలించే ఏర్పాటు చేస్తే సగం మోసాలు మొదట్లోనే తేలిపోతాయి. రిజిస్టరైన ఏజెంట్ల జాబితాను తెలుగులో గ్రామ పంచాయతీ గోడపై అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. మహిళా సంఘాల నెలవారీ సమావేశాల్లో ఈ విషయం చర్చకు రావాలి. ఏజెంటుకు కట్టే డబ్బులో కొంత ఆ సంఘాల రుణాల నుంచే వెళ్లే అవకాశముంది మరి. నర్సింగ్ విద్యార్థులకు చివరి ఏడాదిలోనే జపాన్, జర్మన్ భాషల ప్రాథమిక శిక్షణను జిల్లా కేంద్రంలో అందించాలి. లైసెన్సు లేని ఏజెంట్లపై ఫిర్యాదు అందితే పోలీసులు డబ్బు తిరిగి ఇప్పించి రాజీ చేయడంతో సరిపెట్టకుండా వలసల చట్టం కింద కేసు నమోదు చేయాలి. రాజీపడి బయటపడిన దళారీ పక్క మండలంలో మళ్లీ దుకాణం తెరుస్తాడు.

బ్రిటన్ తలుపు మూసుకుంది. జపాన్, జర్మనీ, ఇజ్రాయెల్ తలుపులు తెరిచి ఉన్నాయి. పాత దళారులు కొత్త దేశాల పేర్లతో పల్లెలకు రావడానికి ఎంతోకాలం పట్టదు. వారు వచ్చేలోగానే సమాచారం ఊరికి చేరేలా జిల్లా యంత్రాంగం, టామ్‌కామ్ అధికారులు చర్యలు తీసుకోవాల్సి ఉంది.